చీమలు పట్టని పటికబెల్లం

"దెయ్యాలున్నాయంటే నమ్ముతారా మేడమ్?" అని సిద్ధార్థ అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

బోటనీలో డాక్టరేటు చేసిన మనిషి. కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పే మనిషి. పట్టపగలు సొంత నిమ్మతోటలో నిలబడి అడగాల్సిన మాటేనా ఇది? పోలీసు ఉద్యోగం వదిలేసి విజయవాడ గుణదలలో డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నాక నేను అన్ని రకాల మనుషుల్నీ చూశాను. దెయ్యాన్ని మాత్రం ఇంతవరకూ ఎవరూ తీసుకొచ్చి నా ముందు కూర్చోబెట్టలేదు.

"దెయ్యం సంగతి తర్వాత చూద్దాం సార్. నేనొచ్చింది మనోజ్ఞ కోసం" అన్నాను.

పైకి అలా అన్నానే గానీ ఆ తోట చూస్తే నాకూ అందులో ఎక్కువసేపు నిలబడబుద్ధి కాలేదు. ఇబ్రహీంపట్నం దాటాక కృష్ణ ఒడ్డున ఉంది తోట. మధ్యలో పాత బావి. బావికి ఎడమ పక్క చెట్లు కాలవ నీళ్లు తాగి నల్లగా, ఏపుగా ఉన్నాయి. బావి నీళ్లు పారే కుడి పక్కన మాత్రం ఆకు పాలిపోయి, తెల్లబడి, నెత్తురు లేని మనిషి మొహంలా ఉంది. పిందె లేదు. పిట్ట కూడా వాలడం లేదు. సందె వేళ తెల్లచీర కట్టుకున్న ఆడమనిషి ఆ బావి మీదికి వంగి చూస్తుందనీ, ఆవిడ తిరిగిన వైపే చెట్లు తెల్లబడ్డాయనీ చెప్పి కూలీలు పని మానేశారు. ఆ తెల్లచీర మనిషి మనోజ్ఞేనట.

మనోజ్ఞ ఈ సిద్ధార్థ దగ్గర రీసెర్చి చేస్తున్న పిల్ల. సెప్టెంబరు వరదల్లో ఒక రోజు ఈ తోటకి వచ్చింది, హాస్టలుకి తిరిగి వెళ్లలేదు. ఇప్పుడు నవంబరు. వన్ టౌన్‌లో హోల్‌సేల్ కొట్టున్న హుమాయూన్‌ని ఆ కేసులో లోపలేశారు. అతని భార్య నజీమా పొద్దున్న నా గుమ్మంలో కూర్చుని, "తెరేసమ్మక్కా, రేపు కోర్టులో ఆ వాచ్‌మెన్ మా ఆయన్నే చూపిస్తాడట. చూపించాడంటే ఇంక బయటికి రానివ్వరక్కా" అని ఏడ్చింది. బండి తీసి, దారిలో మనోజ్ఞ హాస్టల్లో ఓసారి విచారించి ఇటొచ్చేశాను.

"చెట్లకేమైంది సార్? నాకర్థమయ్యేట్టు చెప్పండి."

సిద్ధార్థ ఒక ఆకు కోసి నా చేతిలో పెట్టాడు.

"అల్యూమినియం మేడమ్. అది అన్ని నేలల్లోనూ ఉంటుంది. ఉన్నా కదలదు, ఎవరికీ హాని చెయ్యదు. నేలలో ఆమ్లం పెరిగి బాగా పులిసిందనుకోండి, అప్పుడు కరిగి వేళ్లకి అందుతుంది. ముందు వేరు కొసలు పొట్టిగా, మొద్దుగా అయిపోతాయి. తర్వాత ఆకులో పచ్చదనం తగ్గుతుంది. కిరణజన్య సంయోగక్రియ అని చదువుకున్నారు కదా, అది పడిపోతుంది. ఎండ ఉంటుంది, గాలి ఉంటుంది, నీళ్లుంటాయి. చెట్టు మాత్రం వండుకోలేదు. ఎండలో నిలబడి పస్తుంటుంది."

"మన కృష్ణా జిల్లా నేలలు అంత పులుస్తాయా?"

"పులవ్వు. అదే నాకు అర్థం కానిది. నల్లరేగడైతే అసలు జరగదు. ఇది ఏటి ఒడ్డు ఇసుక నేల కాబట్టి ఎవరో కావాలని పోస్తే జరగొచ్చు. మనోజ్ఞ చేసిన పని ఇదే మేడమ్. కుండీల్లో నిమ్మ నారు పెంచి, అల్యూమినియం కలిపిన నీళ్లు పోసి, ఆకు ఏమవుతుందో చూసేది. ఆ కుండీల్లో వచ్చిన తెలుపే ఇది. అచ్చం ఇదే. ఆమె పోయాక నా తోటలో..."

"పోయిందని మీకెవరు చెప్పారు?"

ఠక్కున ఆగిపోయాడు. "అదే... కనిపించకుండా పోయాక."

"మీ ఇద్దరికీ గొడవయిందట కదా? అల్యూమినియం తగిలితే ఆకు రంధ్రాలు మూసుకుపోతాయి, గాలందక చెట్టు చిక్కిపోతుంది అని మీరు పేపర్లు వేశారు. రంధ్రాలు తెరిచే ఉన్నాయి సార్, గాలి లోపలికి పోతూనే ఉంది, పాడైంది లోపలి పొయ్యి అని ఆ పిల్ల లెక్కలు తీసి చూపించింది. మార్చి రాయమన్నారట. చస్తే రాయనందట."

"ఎవరు చెప్పారు?"

"హాస్టల్లో ఆమె గదిలో ఉండే అమ్మాయి."

సిద్ధార్థ రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. "రీసెర్చిలో ఇలాంటివి మామూలే మేడమ్" అని ఇంటివైపు నడిచాడు. తెల్లచెట్ల పక్కగా పోతే దగ్గర దారి. ఆయన మాత్రం చుట్టు తిరిగి పచ్చచెట్ల వైపు నుంచి వెళ్లాడు.

బావి చూపించడానికి వాచ్‌మెన్ వచ్చాడు. పొట్టిగా, గట్టిగా ఉన్నాడు. చెవిలో బీడీ. పేరు లాజరన్నాడు. రేపు కోర్టులో హుమాయూన్‌ని చూపించబోయేది వీడేనన్నమాట.

"లాజరంటే మా గుణదల మేరీమాత తిరునాళ్లకి వస్తుంటావా?" అని ఊరికే కదిపాను.

"రాకుండా ఎలాగండీ! ఏటా క్రిస్మస్‌కి కొండెక్కి కొబ్బరికాయ కొట్టాల్సిందే."

మా తిరునాళ్లు జరిగేది ఫిబ్రవరిలో. గుణదల గాలి పీల్చిన కుక్కపిల్లకి కూడా తెలుసు ఆ సంగతి. గుడికి పోకుండానే పోయామని కోతలు కోసేవాళ్లు మావాళ్లలో బోలెడు మంది ఉన్నారులే అనుకుని ముందుకి నడిచాను.

బావిలోకి తొంగి చూశాను. నీళ్లు ఎర్రగా, చిక్కగా ఉన్నాయి. చెయ్యి పెడితే చెయ్యి కనిపించేలా లేదు. వరద తీసి రెండు నెలలు దాటింది, ఇంకా ఈ బురదేమిటి? ఒర మీద తడి మట్టి అంటుకున్న తట్ట ఒకటి బోర్లించి ఉంది.

"ఊట నీళ్లండి, అట్టాగే ఉంటాయి" అన్నాడు వాడు, నేనడక్కుండానే.

బావి పక్కనే మోటారు షెడ్డు. లోపల మూల ఒక బస్తా, మూతి విప్పి ఉంది. తెల్లటి పలుకులు మెరుస్తున్నాయి.

"ఏంటిది?"

"పటికబెల్లమండి. అమ్మగారు గుళ్లో ప్రసాదానికి తెప్పించుకున్నారు."

ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. కేసంతా నిలబడింది ఆ ఒక్క మాట మీదే. హుమాయూన్ కొట్లో పటికబెల్లమూ అమ్ముతారు, పటికా అమ్ముతారు. సిద్ధార్థ తల్లి పద్మావతమ్మగారు తన దగ్గర బస్తాలు బస్తాలు పటిక కొన్నదనీ, తోటకి తనే బండి మీద పంపాననీ అతను మొదటిరోజు నుంచీ మొత్తుకుంటున్నాడు. తాను కొన్నది పటికబెల్లమని ఆవిడ స్టేషన్‌లో చెప్పింది. పెద్దింటి ఆవిడ మాట నెగ్గింది.

బయట జీపు ఆగిన చప్పుడైంది. వచ్చింది సీఐ రామకోటేశ్వరరావు. ఒకప్పుడు నా కింద పనిచేసి, నన్ను దాటి పైకి పోయాడు. ఆ సంగతి నేను మర్చిపోయినా ఆయన నన్ను మర్చిపోనివ్వడు.

"ఏంటి తెరేసమ్మగారూ, సర్వీసు వదిలేసినా మమ్మల్ని వదలరా?"

"మీరు సరిగ్గా చేస్తే నాకీ ఎండలో పనేముంది కోటేశ్వర్రావుగారూ?"

"సరిగ్గానే చేశాం. సిద్ధార్థగారే మట్టి తీసి ల్యాబుకి పంపారు. అల్యూమినియం అని రిపోర్టొచ్చింది. పటికంటే అదే. పటిక అమ్మేది హుమాయూన్. ఈ తోట కౌలుకి అడిగాడు, వీళ్లివ్వలేదు. కసి కొద్దీ నీళ్లలో పటిక కలిపాడు. అది ఆ అమ్మాయి చూసింది. అమ్మాయిని మాయం చేశాడు. ఇద్దర్నీ బావి దగ్గర చూశానని మొన్న సోమవారం లాజరు స్టేట్‌మెంటిచ్చాడు. ఇంకేం కావాలి?"

"శవం కావాలి."

"కృష్ణలో వరదమ్మా అప్పుడు. సముద్రాన్ని అడగండి."

"అయితే ఇలా రండి. ఈ బస్తాలో ఏముంది?"

"పటికబెల్లం. మొన్న నేనే చూశాను."

"చూశారు, నోట్లో వేసుకోలేదు. కింద చూడండి."

గోడ వారన గండుచీమలు చచ్చిన మిడతని లాక్కుపోతున్నాయి. బారుగా వస్తున్నాయి. బస్తా దగ్గరికి వచ్చేసరికి పక్కకి తిరిగి, దాన్ని చుట్టుకుని పోతున్నాయి. విప్పిన బస్తా, నేలంతా ఒలికిన పలుకులు, ఒక్క చీమ వాలలేదు.

"మీ ఇంట్లో పటికబెల్లం డబ్బా మూత మర్చిపోతే పొద్దున్నకి ఏమవుద్దో మీ ఆవిడనడగండి" అన్నాను.

సీఐ నవ్వాడు. "చీమల్ని బోనెక్కిస్తారా ఏంటి?"

"ఎక్కించేదాన్నే. మీ లాజరు కన్నా నిజం చెప్తాయి."

ఒక పలుకు తీసి నాలిక మీద పెట్టుకున్నాను. పులుపు, వగరు కలిసి నాలిక లోపలికి పీక్కుపోయింది. ఉమ్మేసి ఇంకో పలుకు ఆయన చేతిలో పెట్టాను. పౌరుషానికి పోయి నోట్లో వేసుకున్నాడు, మరుక్షణం థూ థూ అంటూ బయటికి పరిగెత్తాడు. నజీమా అక్కడుంటే చూసి ఒకసారి నవ్వేది పాపం.

మూతి కడుక్కుని వచ్చాక కూడా మనిషి మెత్తబడలేదు. "సరే, పటికే. అయితే ఏంటి? కన్నకొడుకు తోటని ఆవిడే చంపుకుంటుందా? బస్తా ఆ హుమాయూనే తెచ్చి పెట్టుంటాడు. మీరెన్ని చెప్పినా రేపు మేజిస్ట్రేట్ ముందు లాజరు అతన్ని చూపిస్తాడు. కళ్లారా చూసిన సాక్షి ముందు మీ చీమలెంత?"

సిద్ధార్థని జీపెక్కించుకున్నాడు, లాయరుతో మాట్లాడాలని. రేపటి సాక్షిని ఇక్కడే కాపలాకి వదిలేసి విజయవాడ వెళ్లిపోయాడు.

నేను బావి ఒర మీద కూలబడ్డాను. కోపంలో ఉన్నాను గానీ సీఐ అడిగిన మాటలో పస ఉంది. ఏ తల్లయినా కొడుకు చెట్లకి పటిక ఎందుకు పోస్తుంది?

దాహమేసి షెడ్డు ముందున్న తాగే నీళ్ల కుండలో గ్లాసు ముంచబోయాను. కుండ అడుగున చిన్న పటిక ముక్క ఉంది. మా ఇంట్లోనూ ఉంటుంది. కాలవ నీళ్లొచ్చిన రోజున బిందెలో పటిక ముక్క గిరగిరా తిప్పి వదిలేస్తాం. కాసేపటికి మడ్డి కిందికి దిగుతుంది, నీళ్లు తేటపడతాయి, బిందె అడుగు కనిపిస్తుంది.

చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది.

పటిక చెట్లకి పోయలేదు. బావిలో వేశారు. బావి నీళ్లు మోటారు పెట్టి తోటకి పారిస్తే చెట్లు మధ్యలో బలైపోయాయి. వేసినవాళ్లకి చెట్లతో పనిలేదు. వాళ్లకి కావాల్సింది బావి అడుగు.

ఇంటివైపు వెళ్లేసరికి పద్మావతమ్మగారు పెరటి మెట్ల మీద కూర్చుని ఉంది. భర్త పోయిన మనిషి, తెల్లటి నేత చీర. నన్ను చూసి, "మజ్జిగ తాగుతావా అమ్మాయ్?" అంది. గ్లాసు అందిస్తుంటే చూశాను. గోళ్లలో ఎర్రమట్టి ఇరుక్కుని ఉంది.

"కూలీలు చూసిన దెయ్యం మీరేనా అమ్మగారూ?"

ఆవిడ చేతులు కొంగు కింద దాచుకుంది.

"బావిలో ఏం వెతికారు?"

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మజ్జిగ తాగేసి పక్కన కూర్చున్నాను.

"వరదొచ్చిన రోజు సాయంత్రం బావిలో ఏదో పడ్డ చప్పుడైంది" అంది చివరికి. "పెద్ద చప్పుడు. మావాడు తడిసి ముద్దయి లోపలికొచ్చాడు. ఏంట్రా అది అంటే కొబ్బరిమట్ట అన్నాడు. ఆ రోజు నుంచే ఆ పిల్ల కనపళ్లేదు. తర్వాత కొన్నాళ్లు బావి వాసనేసింది. వరదకి కొట్టుకొచ్చిన గొడ్డమ్మా అన్నాడు. అడుగుదామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. కడుపున పుట్టినవాణ్ణి ఆ మాట ఎట్టా అడగమంటావు? అందుకని నీళ్లనడిగాను."

"చెట్లు తెల్లబడుతుంటే చూస్తూ ఊరుకున్నారా?"

"నా వల్లేనని నాకు ముందు తెలీదు. వాడు చెప్తుంటే తెలిసింది. చెట్లెండితే ఎవరైనా ఏడుస్తారు అమ్మాయ్. వీడు ఏడవలేదు, వణికాడు. రాత్రుళ్లు లేచి కూర్చుని, వచ్చిందమ్మా, నా తోటలోకి వచ్చిందమ్మా అనేవాడు. ఇంక నాకు నీళ్లు చెప్పక్కర్లేకపోయింది. అయినా వేస్తూనే ఉన్నా. నా కొడుకు అట్టాంటివాడు కాదని అడుగున కనపడుద్దేమోనని ఆశ."

"ఆ సాయిబుగారు ఏ పాపం చేశాడని పటికబెల్లమని అబద్ధం చెప్పారు?"

"చేశాను. తప్పు చేశాను." నా చేతిలోంచి ఖాళీ గ్లాసు తీసుకుంది. "పటిక అంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెప్తే వీడు పోతాడు. నోటికి బెల్లం అనే మాట వచ్చేసింది."

"అడుగు కనిపించిందా అమ్మగారూ?"

బావివైపు తిరిగింది.

"నిన్న మిట్టమధ్యాహ్నం కనిపించింది. ఎండ నీళ్లలోకి దిగింది. అందుకే తట్టతో మట్టి పోశాను, ఇంకెవరూ చూడకుండా."

"మనోజ్ఞేనా?"

"ఆడపిల్ల కాదు."

నాకు వినపడింది గానీ బుర్రకెక్కలేదు. "మరి?"

"మెళ్లో ఎర్ర మఫ్లరుంది. పోయిన చలికాలం నేనే కొనిచ్చాను. నడుముకి గొలుసు చుట్టి బండరాయి కట్టారు. లాజరమ్మా వాడు. మా లాజరు. దివిసీమ నుంచి ఒంటరిగా వచ్చినవాడు. వెళ్లొస్తానని ఒక్క మాటైనా చెప్పకుండా పోయాడేంటా అని వాణ్ణి నేను తిట్టుకోని రోజు లేదు."

"లాజరేంటి? గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాడుగా!"

"వాడా? వాడు లాజరేంటి? లాజరు పోయాక అబ్బాయి ఎక్కణ్ణుంచో పట్టుకొచ్చిన మనిషి. పేరు కూడా నాకు చెప్పలేదు."

క్రిస్మస్‌కి కొండెక్కానన్న మాట చెవిలో మళ్లీ వినపడింది. ఒంటరిగా ఈ ఏటి ఒడ్డున కాపలా ఉన్న మనిషి లాజరు. అతని మొహం సీఐకేం తెలుసు? మొన్న సోమవారం హుమాయూన్ మీద స్టేట్‌మెంటిచ్చి సంతకం పెట్టిన లాజరు సెప్టెంబరు నుంచీ ఈ బావి అడుగున ఉన్నాడు. ఆ పిల్లకి ఏం జరిగిందో అతను చూసుంటాడు. చూసినందుకు పోయాడు. అతని పేరుతోనే రేపు ఇంకొకణ్ణి కోర్టుకి పంపబోతున్నారు.

"అమ్మగారూ, ఈ మాట రేపు కోర్టులో చెప్పాలి" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

"మావాడికి ఉరేస్తారా?"

అబద్ధం చెప్పాలనిపించింది. చెప్పలేకపోయాను. "నాకు తెలీదమ్మగారూ. మీరు చెప్పకపోతే మాత్రం నజీమా మొగుడు ఇంటికి రాడు."

ఆవిడ ఏడవలేదు. కొంగు బిగించి మెల్లగా లేచింది.

"నా మాట ఎవరు నమ్ముతారు? నీళ్లు తేటపడితే వాళ్లే చూస్తారు. ఇప్పుడు వేస్తే పొద్దున్నకి మడ్డి దిగుద్ది" అంది. "పద, బస్తాకి ఓ చెయ్యి వెయ్యి."

ఇంత పెద్దావిడకి ఆ బలం ఎక్కడి నుంచి వచ్చిందో. తెల్లచెట్ల మధ్య నుంచి ఇద్దరం షెడ్డుకి నడిచాం. సందె పడుతోంది. గేటు దగ్గర వాడు లేడు. గేటుకి మాత్రం గొలుసు చుట్టి తాళం వేసి ఉంది. నా బండి బయటే ఉండిపోయింది.

షెడ్డులోకి వెళ్లి బస్తాకి ఆవిడ ఒక మూల, నేను ఒక మూల పట్టుకున్నాం. లేపబోతుంటే బీడీ వాసన వచ్చింది. తల తిప్పేలోగా తలుపు మూసుకుంది. బయట గొళ్లెం పడ్డ చప్పుడైంది.

పద్మావతమ్మగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఎవర్రా అది?" అని అరిచాను.

తలుపు అవతల నుంచి చాలా మర్యాదగా జవాబొచ్చింది.

"నేనేనండీ. లాజర్ని."